డబుల్ డెక్కర్ కథ – 5: తీగ వదిలి పొగ పట్టిన లండన్

గుర్రపు ఆమ్నిబస్సుల్ని మోటారు బస్సులు ఎలా మింగేశాయో, బి-టైపు డబుల్ డెక్కర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని మోయడానికి ఫ్రాన్సు దాకా ఎలా వెళ్లాయో కిందటి భాగంలో చూశాం. యుద్ధం ముగిశాక లండన్ వీధుల్లో ప్రైవేటు బస్సులవాళ్లు ఒకరి ప్రయాణికుల్ని ఒకరు లాక్కున్నారు. ఆ గొడవ సర్దడానికి 1933 జులై 1న లండన్ ప్యాసింజర్ ట్రాన్స్‌పోర్ట్ బోర్డు పుట్టింది. బస్సులు, ట్రాములు, భూగర్భ రైళ్లు అన్నీ ఒకే యజమాని కిందికొచ్చాయి. ఛైర్మన్ లార్డ్ ఆష్‌ఫీల్డ్. రోజువారీ పెత్తనం ఫ్రాంక్ పిక్‌ది. అక్కడ ఆగాం.

ఇప్పటి బ్యాటరీ బస్సుల్ని చూసి, డబుల్ డెక్కర్‌కి కరెంటు కొత్తగా వచ్చిందనుకుంటాం. 1940లో లండన్ వీధుల్లో కరెంటుతో నడిచే రెండంతస్తుల బళ్లు వేలల్లో తిరిగేవి. 1962 మే నెల సగానికొచ్చేసరికి ఒక్కటంటే ఒక్కటి లేదు. వాటిని ఎవరో కుట్ర చేసి మాయం చెయ్యలేదు. లెక్కలు వేసి, మీటింగులు పెట్టి, ఇదే ప్రగతి అని నమ్మి తీసేశారు. ఈ భాగం ఆ కథే.

బోర్డు చేతికొచ్చిన ఆస్తిలో ట్రాములు రెండున్నర వేలకు పైగా ఉన్నాయి. దాదాపు అన్నీ డబుల్ డెక్కర్లే. లండన్ కౌంటీ కౌన్సిల్ తన మొదటి కరెంటు ట్రామును 1903 మే 15న వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి నుంచి టూటింగ్‌కి నడిపింది. అప్పటి నుంచీ ట్రాము కూలీనాలీ జనం బండి. తెల్లవారుజామున ఎక్కితే పనివాళ్లకు సగం ధర టికెట్. దొరల దుకాణాలుండే వెస్ట్ ఎండ్‌లోకి మాత్రం దాన్ని రానివ్వలేదు. ఉత్తర లండన్ ట్రాము దక్షిణ లండన్‌కి వెళ్లాలంటే కింగ్స్‌వే కింద తవ్విన సొరంగం ఒక్కటే దారి. మొదట్లో అందులో ఒక అంతస్తు బళ్లే పట్టేవి. దాన్ని లోతుగా తవ్వి 1931లో రెండంతస్తుల వాటిని కూడా పంపారు.

నగరం నడిబొడ్డున తలమీద తీగలు కనిపించడం కౌన్సిల్‌కి ఇష్టం లేదు. అందుకని కరెంటును రోడ్డు కిందే పెట్టారు. రెండు పట్టాల మధ్య సన్నటి చీలిక, దాని అడుగున కాలువలో కరెంటు పట్టీలు. ట్రాము అడుగున వేలాడే ఒక పలక ఆ చీలికలోంచి దిగి కరెంటు అందుకునేది. ఆ పలకను అక్కడివాళ్లు నాగలి అనేవారు. శివార్లకు వెళ్లేసరికి కాలువ అయిపోయి, మామూలు తీగ మొదలవుతుంది. ఆ మార్పు చోట ఒక మనిషి రెండు కొమ్ముల పొడుగాటి ఇనప చువ్వతో నిలబడి ఉండేవాడు. ఊళ్లోకి వచ్చే ట్రాము నడక వేగానికి తగ్గుతుంది. కదులుతున్న బండి కిందికి అతను చువ్వతో నాగలిని సరిగ్గా దాని గూట్లోకి నెట్టాలి. అదే సమయానికి కండక్టరు పైనున్న తీగ నుంచి కర్రను కిందికి లాగేసేవాడు. ఎండైనా వానైనా, బండి వెనక బండి వస్తుంటే రోజంతా ఇదే పని.

ఈ కాలువ చూడ్డానికి ముచ్చటే గాని ఖర్చు మోయలేనిది. దానికి తోడు 1870 నాటి ట్రామ్ చట్టం ప్రకారం పట్టాల మధ్య రోడ్డునూ, రెండు పక్కలా 18 అంగుళాల మేర నేలనూ ట్రాము నడిపేవాళ్లే బాగుచేయించాలి. అంటే ట్రాము సొంత ఖర్చుతో రోడ్డు వేయిస్తే, దాని ప్రయాణికుల్ని ఎగరేసుకుపోయే బస్సు కూడా ఆ రోడ్డు మీదే హాయిగా నడిచేది! పైగా ట్రాము ఎక్కాలంటే నడిరోడ్డు మీదికి వెళ్లాలి. కార్లు పెరిగేకొద్దీ కార్లవాళ్ల తిట్లూ పెరిగాయి. ట్రాముల్ని క్రమంగా తీసెయ్యమని రవాణా మీద వేసిన రాయల్ కమిషన్ కూడా 1931లో చెప్పేసింది.

అప్పటికి జవాబు సిద్ధంగానే ఉంది. ఆ ఏడాదే, 1931 మే 16న, లండన్ శివారు ట్వికెన్‌హామ్‌లో ట్రాలీబస్సులు మొదలయ్యాయి. పట్టాలు లేవు. రబ్బరు చక్రాలు, తలమీద రెండు తీగలు, వాటిని అంటుకుని రెండు కర్రలు. ఫుట్‌పాత్ పక్కకే వచ్చి ఆగుతుంది. పాత ట్రాములకు కరెంటిచ్చే సబ్‌స్టేషన్లు దీనికీ పనికొస్తాయి. బోర్డుకు ఇది బాగా నచ్చింది. 1935లో మొదలుపెట్టి 1940 దాకా, ఉత్తర లండన్, తూర్పు లండన్, పడమటి లండన్‌లలో ట్రాములు తీసేసి ట్రాలీబస్సులు దింపారు. ఉచ్చదశలో అవి 1,800కు పైగా ఉండేవి. అప్పట్లో ప్రపంచంలో అంత పెద్ద ట్రాలీబస్సు వ్యవస్థ మరెక్కడా లేదు.

ఆరు చక్రాలు, 70 సీట్లు. పెడల్ తొక్కగానే గేర్లూ కుదుపులూ లేకుండా దూసుకుపోయేది. హైగేట్ లాంటి ఎత్తు కూడా ఆయాసపడకుండా ఎక్కేది. చప్పుడు ఎంత తక్కువంటే, వెనకనుంచి వస్తున్నట్టు తెలియక జనం దాని కింద పడేవాళ్లు. అందుకే దానికి నిశ్శబ్ద మృత్యువని పేరు పడింది. కండక్టరుకి మాత్రం పని ఎక్కువ. దారులు చీలే కూడళ్ల దగ్గర దిగి, స్తంభానికున్న పిడి పట్టి లాగి ఉంచితే తీగ ఇటు మళ్లుతుంది. బండి దాటాక పిడి వదిలి, పరిగెత్తి మళ్లీ ఎక్కాలి. ఒక్కోసారి మలుపులో కర్ర తీగ మీంచి జారి గాల్లోకి లేస్తుంది. బండి అక్కడే చచ్చి ఆగిపోతుంది. బండి అడుగున గొట్టంలో దాచిన పొడుగాటి వెదురు గెడను వెనకనుంచి బయటికి లాగి, కొసనున్న కొక్కెంతో కర్రను పట్టి మళ్లీ తీగకు తగిలించాలి. వెనక ఆగిపోయిన ఇరవై బళ్ల హారన్లూ వింటూ మరీ చెయ్యాల్సిన పని ఇది.

ఈ బస్సు పొగ వదలదన్న మాట నిజమే. కానీ దాని కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చింది? గ్రీనిచ్‌లోనూ, చెల్సీ ప్రాంతంలోని లాట్స్ రోడ్‌లోనూ ఉన్న బొగ్గు కరెంటు కేంద్రాల నుంచి. రెండూ నగరంలోనే, థేమ్స్ ఒడ్డునే. అంటే పొగ పోలేదు, ప్రయాణికుడి ముక్కు దగ్గర్నుంచి పొడుగాటి గొట్టం కొసకి చేరింది. ఇప్పటి బ్యాటరీ బస్సుల వాదనలో కూడా వినిపించే ప్రశ్న ఇది. అప్పట్లో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పొగ అంటే బతుకుతెరువు ఉన్నట్టు లెక్క, అంతే.

ఇంతలో ప్రత్యర్థి తయారవుతున్నాడు. ఏఈసీ అనే బస్సుల కంపెనీ సౌత్‌హాల్‌లో ఉండేది. ఒకప్పుడు అది లండన్ బస్సు కంపెనీ సొంత బిడ్డే. 1933లో వేరుపడ్డా, బోర్డు కొనే ఛాసిస్‌లలో సింహభాగం తనవే ఉండేలా ఒప్పందం రాయించుకుంది. 1930ల మొదట్లోనే ఇక్కడి ఇంజనీర్లు బస్సుల్లో పెట్రోలు ఇంజను తీసి డీజిల్ పెట్టడం మొదలుపెట్టారు. మైలుకి ఖర్చయ్యే ఇంధనం అమాంతం తగ్గింది. 1939లో ఆర్‌టీ అనే కొత్త డబుల్ డెక్కర్ వచ్చింది. 9.6 లీటర్ల ఇంజను, గాలి బ్రేకులు, 56 సీట్లు. రెండో ప్రపంచ యుద్ధం ఆపేసిన పనిని 1947లో మళ్లీ అందుకుని, 1954 దాకా లేలాండ్ కంపెనీ చేసిన తోబుట్టువులతో కలిపి దాదాపు 7,000 తయారుచేశారు. దాదాపు అన్నీ ఒకే రకం. ఏ డిపోకైనా చాలావరకు అవే విడిభాగాలు.

ఒకే రకం బండి అనే ఈ మోజే ట్రాలీబస్సుకు ఎసరు పెట్టిందని నా అభిప్రాయం. ధర, వేగం అన్నీ తర్వాతి మాటలు.

యుద్ధం వల్ల దక్షిణ లండన్‌లో ట్రాములు మిగిలిపోయాయి. యుద్ధానికి ముందు అనుకున్న ప్రకారం వాటి చోట ట్రాలీబస్సులు రావాలి. 1946లో ఆ మాట మార్చారు, డీజిల్ బస్సులే వస్తాయన్నారు. 1950 అక్టోబరు నుంచి విడతలవారీగా ట్రాములు తీసేశారు. ఆఖరి రోజు 1952 జులై 5, శనివారం. ఆ వారమంతా ప్రత్యేకంగా అచ్చేసిన టికెట్లు అమ్మారు. జనం పట్టాల మీద రాగి పెన్నీలు పెట్టి, ట్రాము చక్రం కింద చదునైన బిళ్లల్ని జ్ఞాపకంగా జేబులో వేసుకున్నారు. అర్ధరాత్రి వేళ ఆఖరి ట్రాము వూలిచ్ నుంచి బయల్దేరింది. వీధి నిండా జనం, పాటలు. న్యూ క్రాస్ డిపోలోకి దాన్ని తోలింది, బోర్డు తర్వాత వచ్చిన లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ డిప్యూటీ ఛైర్మన్ జాన్ క్లిఫ్. కుర్రతనంలో ఆయనా ట్రాము డ్రైవరే. పాత ట్రాముల్ని ఛార్ల్‌టన్‌లో ఒక స్థలానికి చేర్చి తగలబెట్టారు. లండన్ జనం దానికి ట్రాముల శ్మశానమని ముద్దుపేరు పెట్టారు. మన పెద్దవాళ్లలో మద్రాసులో చదువుకున్నవాళ్లకు ఈ బాధ తెలుస్తుంది. అక్కడి ట్రాములూ మరుసటి ఏడాది, 1953లోనే ఆగిపోయాయి.

సరిగ్గా ఐదు నెలలు గడిచాయి. 1952 డిసెంబరు 5, శుక్రవారం. చలి. గాలి ఎక్కడా కదలడం లేదు. ఇంటింటా పొయ్యిలు భగభగమంటున్నాయి. మేలు రకం బొగ్గు ఎగుమతికి పోగా, ఇళ్లకు మిగిలేది గంధకం నిండిన నాసి రకం. పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంది. కింద పొగ, మంచు కలిసి పసుపు నలుపు రంగుల్లో చిక్కటి ముద్దయ్యాయి. మంగళవారం దాకా అది కదల్లేదు. తూర్పు లండన్‌లో కొన్నిచోట్ల మనిషికి తన కాళ్లు తనకు కనిపించలేదు. శాడ్లర్స్ వెల్స్ థియేటర్‌లోకి పొగ చొరబడి, మొదటి అంకం తర్వాత ఒపెరా ఆపేశారు. డబుల్ డెక్కర్ల ముందు కండక్టర్లు మండే కాగడాలు పట్టుకుని నడిచారు. వాళ్ల వెనకే డ్రైవర్లు అంగుళం అంగుళం లాగించారు. చివరికి అదీ సాధ్యం కాక బస్సులు ఆపేశారు. భూగర్భ రైళ్లు మాత్రమే నడిచాయి. పట్టాల మీద పోయే ట్రాముకు దారి తప్పే భయం ఉండేది కాదన్న మాట ఆ వారం చాలామందికి గుర్తొచ్చి ఉంటుంది.

చనిపోయినవాళ్లు 4,000 మంది అని మొదట లెక్క తేలింది. తర్వాతి పరిశోధకులు 12,000 దాకా ఉండొచ్చన్నారు. ట్రాములు తీసేసి డీజిల్ పెట్టినందువల్లే ఇది జరిగిందని కొందరు బస్సు ప్రియులు ఇప్పటికీ బల్ల గుద్ది వాదిస్తారు. అది పొరపాటు. దోషి ప్రధానంగా బొగ్గు: ఇళ్ల పొయ్యిలు, ఫ్యాక్టరీలు, కరెంటు కేంద్రాలు. కొత్తగా చేరిన డీజిల్ పొగ ఆ ముద్దలో ఒక చిన్న పాలు. అయితే ఒక్కటి నిజం. 1956లో వచ్చిన శుభ్రమైన గాలి చట్టం చూపంతా పొగగొట్టాల మీదే. పొగ లేని మండలాలు ప్రకటించారు, ఇళ్లలో పొయ్యిలు మార్పించారు. రోడ్డు మీది ఎగ్జాస్టు పైపు ఆ చట్టానికి పెద్దగా కనపడలేదు.

కాబట్టే 1954 ఏప్రిల్‌లో, ఆ డిసెంబరు దాటి ఏడాదిన్నర కూడా కాకముందే, ట్రాలీబస్సులన్నీ తీసేసి డీజిల్ బస్సులు పెడతామని లండన్ ట్రాన్స్‌పోర్ట్ ప్రకటిస్తే పొగ మాట ఎత్తి అడ్డుపడినవాళ్లు తక్కువ. వాళ్ల కారణాలు వింటే తల ఊపాల్సిందే. తీగలు, స్తంభాలు, సబ్‌స్టేషన్లు పాతబడ్డాయి, కొత్తవి వెయ్యాలంటే కోట్లు కావాలి. యుద్ధంలో కూలిన వీధుల్ని తిరగగట్టే చోట కూడలి కొద్దిగా జరిగినా తీగలన్నీ మార్చాలి. పలుపుతాడు ఎంత పొడుగుంటే గేదె అంత మేరే మేస్తుంది. తీగ లేని వీధిలోకి ట్రాలీబస్సు పోలేదు, పక్కనే కొత్త కాలనీ వెలిసినా సరే. 1948 ప్రాంతంలో కిటకిటలాడిన బస్సులు తర్వాత ఏటేటా పలచబడ్డాయి. సాయంత్రాలు జనం టీవీల ముందు కూర్చున్నారు. ఉన్నవాళ్లు కార్లు కొన్నారు. రాబడి తగ్గుతుంటే రెండు రకాల వ్యవస్థలు ఎందుకు పోషించాలి?

ఆ లెక్కల పుస్తకంలో తీగ ఖర్చుకు పద్దు ఉంది, కరెంటు బిల్లుకు ఉంది, టైర్లకు ఉంది. పొగకు లేదు. దవాఖానాల్లో దగ్గే జనం వేరే శాఖ బాధ్యత. తీగను సంస్థే కొనుక్కోవాలి, గాలికి ఎవరూ బిల్లు వెయ్యరు. అలా చూస్తే డీజిలే చవక మరి.

ఈ నిర్ణయంలో మింగుడుపడని సంగతులూ ఉన్నాయి. యుద్ధం తర్వాత లండన్ 127 సరికొత్త ట్రాలీబస్సులు కొన్నది. వాటిలో చివరివి 1952 ప్రాంతంలో చేతికందాయి. 1961లో వాటిలో 125 బళ్లను స్పెయిన్‌కి అమ్మేశారు. లండన్ పాతవన్న ఆ బళ్లు అక్కడి ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగాయి. రెండోది సూయెజ్. స్వదేశీ బొగ్గుతో నడిచే బండిని వదిలి, దిగుమతి చమురు బండిని ఎంచుకున్న రెండేళ్లకే, 1956లో సూయెజ్ కాలువ మూతపడింది. బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు, బస్సు సర్వీసులు తగ్గించారు. అయినా నిర్ణయం మారలేదు. ఆ సంవత్సరమే కండక్టర్లు, డ్రైవర్ల కొరత తట్టుకోలేక బార్బడోస్ దీవికి వెళ్లి మనుషుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టారు. 1958లో ఏడు వారాలు బస్సుల సమ్మె. ఆ ఏడు వారాల్లో వేరే దారి చూసుకున్న ప్రయాణికుల్లో చాలామంది తిరిగి రాలేదు.

ట్రాలీబస్సును సాగనంపడానికి వచ్చిన బండి పేరు రూట్‌మాస్టర్. ఇప్పుడు లండన్ బొమ్మల దుకాణాల్లో దొరికే ఎర్ర బస్సు అదే. యుద్ధంలో లండన్ ట్రాన్స్‌పోర్ట్ వర్క్‌షాపులు హాలిఫాక్స్ బాంబరు విమానాలు బిగించాయి. అల్యూమినియం రేకుల్ని తేలిగ్గా, గట్టిగా కలపడం అక్కడే చేతికొచ్చింది. లండన్ ట్రాన్స్‌పోర్ట్ ఇంజనీరు డ్యురాంట్ నాయకత్వంలో అక్కడివాళ్లు ఆ విద్యనే బస్సుకు పెట్టారు. విడిగా ఛాసిస్ లేదు, ఒళ్లే ఎముక. పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్లు, హైడ్రాలిక్ బ్రేకులు. ఆకారం తీర్చింది డగ్లస్ స్కాట్. మొదటి నమూనా 1954 సెప్టెంబరులో ప్రదర్శనలో కనిపించి, 1956 ఫిబ్రవరి 8న రెండో నంబరు రూటులో ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. ఆర్‌టీ కన్నా తేలిక, సీట్లు మాత్రం 64. ట్రాలీబస్సుకన్నా ఆరు తక్కువేనని తీగపక్షం వాళ్లు ఎత్తిపొడిచేవారు. 1961లో 72 సీట్ల పొడుగు రకం వచ్చాక ఆ నోరు మూతపడింది.

ఆనాటి శుభ్రమైన ఇంజను అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఫిల్టర్లు లేవు, కొలతలు లేవు. నల్లపొగ వచ్చిందంటే లోపల సరిగ్గా కాలని డీజిల్ బయటికి పోతోందని, అంటే డబ్బు పోతోందని అర్థం. ఆర్‌టీ ఇంజను ఇంకా ఎక్కువ లాగగలిగినా, 115 హార్స్‌పవర్‌కే బిగించి నడిపారు. ఇంధనం కలిసిరావాలి, ఇంజను మన్నాలి. పొగ తగ్గడం కొసరు. ఆల్డెన్‌హామ్ వర్క్‌షాపులో కొన్నేళ్లకోసారి ఒక్కో బస్సు ఒంటిని ఛాసిస్ నుంచి ఎత్తి, ముక్కముక్కా విప్పి, కొత్తదానిలా చేసి పంపేవాళ్లు. పొగకు మందు ఇంతే, మంచి మెకానిక్. అది తక్కువ మందేమీ కాదు. చెయ్యి తిరిగిన మెకానిక్ సర్దిన ఇంజెక్టరుకూ, సర్దని దానికీ తేడా బస్సు వెనక నడిచేవాడికి ఇట్టే తెలిసేది. కంటికి కనపడని సన్నటి నుసి సంగతి మాత్రం ఏ మెకానిక్‌కీ తెలీదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చి చెప్పడానికి 2012 దాకా పట్టింది.

1959 మార్చిలో మొదటి విడత తీగలు తెగాయి. ఆ నవంబరు నుంచి రూట్‌మాస్టర్లు రంగంలోకి దిగాయి. ఒక్కో విడతకూ ఒక్కో డిపో. రాత్రి ట్రాలీబస్సు లోపలికి వెళ్తే, తెల్లారి అదే గేటులోంచి డీజిల్ బస్సు బయటికొచ్చేది. డ్రైవర్లు అంతకుముందే డీజిల్ బస్సు తోలడం నేర్చుకున్నారు. కండక్టర్లకు వెదురు గెడ బాధ తప్పింది. 1962 మే 8, మంగళవారం ఆఖరి రోజు. 1931 నాటి ఒకటో నంబరు ట్రాలీబస్సును అలంకరించి పగలు ఊరేగించారు. రాత్రి 1521వ నంబరు బండి కెమెరాల వెలుగుల మధ్య ఫుల్‌వెల్ డిపో చేరింది. ఆ డిసెంబరులో లండన్‌ని మళ్లీ పొగమంచు కమ్మింది. వందల మంది చనిపోయారు.

తమాషా ఏమిటంటే, లండన్ ఇలా వదిలేసిన మరుసటి నెలలోనే, 1962 జూన్‌లో, బొంబాయిలో బెస్ట్ సంస్థ ట్రాలీబస్సులు మొదలుపెట్టింది. అదీ ఎక్కువ కాలం సాగలేదు. 1971లో ఆపేశారు. తీగ కింద బతికే బండికి ఆ రోజుల్లో చాలా నగరాల్లో స్నేహితులు దొరకలేదు.

వచ్చే భాగంలో రూట్‌మాస్టర్ ముసలితనం చూద్దాం: అంతకాలం వస్తుందనుకోని బస్సుకు కొత్త ఇంజన్లు మార్చుకుంటూ 2005 డిసెంబరు దాకా నలభై ఏళ్లకు పైగా ఎలా లాగించారు, దాని పేరు పెట్టుకుని 2012లో వచ్చిన హైబ్రిడ్ బస్సు బ్యాటరీలతో పడిన పాట్లేమిటి, 2016లో చైనా కంపెనీ బీవైడీ తెచ్చిన డబుల్ డెక్కర్లు లండన్ రోడ్డెక్కిన తీరేమిటి. లేలాండ్ పేరు మళ్లీ వస్తుంది, ఈసారి అశోక్ లేలాండ్‌గా. 2023 ఫిబ్రవరిలో ముంబయి, హైదరాబాద్ వీధుల్లో దిగిన కరెంటు డబుల్ డెక్కర్లు ఆ ఇంటివే.